ఆ పాట ఆమెది కాదు!

2018 మే 19. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో రాకుమారుడు హ్యారీ పెళ్లి. దేశదేశాల్లో జనం టీవీల ముందు కూర్చున్నారు. పెళ్లి తంతు అయింది. వధూవరులు రిజిస్టరులో సంతకాలు పెట్టడానికి లోపలికి వెళ్లారు. ఆ కాస్త వ్యవధిలో షేకూ కానే-మేసన్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు చెల్లో అందుకుని మూడు చిన్న రచనలు వాయించాడు. వాటిలో ఒకటి 'సిసిలియెన్'. ఉయ్యాల ఊపినట్టు సాగే మెత్తని బాణీ. రెండు మూడు నిమిషాలే. విన్నవాళ్లకు గొంతులో ఏదో అడ్డుపడినట్టవుతుంది.

ఆ రచన పక్కన వేసిన పేరు మరియా తెరీజియా ఫాన్ పారడీస్. 18వ శతాబ్దంలో వియన్నా నగరంలో పుట్టిన పియానో విద్వాంసురాలు. పసితనంలోనే చూపు పోయింది. ఆ సంగతి తెలిసి వింటే బాణీ ఇంకా బరువుగా తోస్తుంది. 'పాపం, చీకట్లోంచి పుట్టిన పాట కదా' అనుకుంటాం.

చిక్కేమిటంటే... ఆ పాట ఆమెది కాదు!

1924లో శామ్యూల్ డష్కిన్ అనే వయొలిన్ విద్వాంసుడు 'ఇది పారడీస్ రచన' అంటూ దాన్ని అచ్చు వేయించాడు. మూలప్రతి మాత్రం ఎవరికీ దొరకలేదు. పరిశోధకులు పోల్చి చూస్తే అది వేబర్ అనే జర్మన్ స్వరకర్త రాసిన వయొలిన్ సొనాటాలోని ఒక భాగానికి దగ్గరి చుట్టమని తేలింది. డష్కినే దాన్ని కాస్త మార్చి, ఆమె పేరు తగిలించి ఉంటాడన్నది ఇప్పుడు ఎక్కువమంది మాట.

అంటే లోకానికి ఆమె పేరు గుర్తున్నది ఆమెది కాని పాట వల్ల. మరి ఆమెది అని చెప్పుకోదగ్గది ఏమిటి? ఈ ఆదివారం ఆ కథే చెప్పుకుందాం.

తెల్లారేసరికి...

పారడీస్ 1759 మే 15న పుట్టింది. తండ్రి ఆస్ట్రియా రాణి మరియా తెరీజా కొలువులో ఉద్యోగి. బిడ్డకూ ఆ రాణి పేరే వచ్చింది. మూడో ఏట ఒకరోజు ఉదయం పాప నిద్ర లేచేసరికి కళ్లు కనిపించలేదు. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది. ఎందుకు పోయిందో అప్పటి వైద్యులు చెప్పలేకపోయారు.

పాపకు సంగీతం మీద చెవి ఉందని ఇంట్లోవాళ్లు తొందరగానే గ్రహించారు. మంచి గురువులను పెట్టారు. పియానో నేర్పింది లియోపోల్డ్ కోజెలుక్. పాట, స్వరరచన నేర్పినవాళ్లలో సలియేరి ఒకడు. 'అమడేయస్' సినిమా చూసినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. పదకొండేళ్ల వయసులో రాణి ఎదుట ఆర్గన్ తానే వాయించుకుంటూ పాడిందని, మెచ్చిన రాణి ఏటేటా భత్యం ఏర్పాటు చేసిందని చెబుతారు.

కన్నవాళ్ల మనసు అక్కడితో ఆగుతుందా? బిడ్డకు చూపు రావాలి. ఎవరు ఏం చెబితే అది చేయించారు. ఆస్థాన వైద్యుడే పదేళ్లపాటు వైద్యం చేశాడు. జలగలు పట్టించారు. నెలల తరబడి తలకు గట్టి పట్టీలు వేసి ఉంచారు. చివరికి కళ్లకు విద్యుత్ షాకులు కూడా ఇచ్చారు. ఒకటీ రెండూ కాదు, మూడు వేలకు పైగా అని నాటి రాతల్లో ఉంది. చూపు రాలేదు సరికదా, కళ్లు ఉబ్బి, గుడ్లు మెలితిరిగి, పిల్లకు ఉన్న నెమ్మది కూడా పోయింది.

ఇదంతా పగవాళ్లు చేయించింది కాదు. ప్రేమతో చేయించిందే.

చూపొచ్చింది... వేళ్లు తడబడ్డాయి

1777 జనవరిలో ఆమెను ఫ్రాంజ్ మెస్మర్ ఇంటికి తీసుకెళ్లారు. మనిషి ఒంట్లో ఒక అయస్కాంత శక్తి ప్రవహిస్తుందని, దాన్ని సరిచేస్తే రోగాలు పోతాయని చెప్పే వైద్యుడాయన. 'మెస్మరిజం' అనే మాట ఈయన పేరు మీద పుట్టిందే. పారడీస్‌కు అప్పటికి పదిహేడేళ్లు నిండాయి. ఇలాంటి రోగులతో పాటు ఆ ఇంట్లోనే ఉండి వైద్యం చేయించుకుంది.

కొన్ని వారాలకు కళ్లకు కట్టు విప్పితే వెలుగునీడలు తెలియడం మొదలైందట. తర్వాత ఆకారాలు. తండ్రి సంబరపడి అంతా వివరంగా రాసిపెట్టాడు. మనిషి ముఖం చూసి ఆ అమ్మాయి జడుసుకుందట. ముఖ్యంగా ముక్కు! ముఖం మధ్య నుంచి పొడుచుకొచ్చి మీదికి వస్తున్నట్టుందని నవ్వు ఆపుకోలేకపోయిందట. మనుషులకంటే కుక్క ముఖమే నయంగా తోచిందట.

అసలు దెబ్బ పియానో దగ్గర తగిలింది. అంతకుముందు పెద్ద పెద్ద రచనలు తడుముకోకుండా వాయించిన పిల్ల ఇప్పుడు చిన్న ముక్క కూడా సరిగా వాయించలేకపోయింది. చూపు వేళ్ల వెంట పరుగెడుతోంది. చూస్తే వేలు తప్పుతోంది. ఒక మెట్టు నొక్కబోయి పక్క మెట్టు మీద పడుతోంది. ఇన్నేళ్లుగా చేతికీ చెవికీ మధ్య ఉన్న దారిలో కొత్తగా వచ్చిన కన్ను అడ్డం నిలబడింది.

ఈలోగా ఊళ్లో పుకార్లు. ఆమెకు నిజంగా కనిపిస్తోందా, లేక మెస్మర్ కనికట్టు చేస్తున్నాడా? చూడటానికి వచ్చిన వైద్యులు, వస్తువు చూపిస్తే పేరు చెప్పలేకపోతోంది కాబట్టి గుడ్డిదేనన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని వస్తువుకు పేరెలా చెబుతుంది? ఇంట్లో ఇంకో భయం. చూపొస్తే రాణి ఇచ్చే భత్యం ఆగిపోతుందేమో! సంగీతమూ పోయి, భత్యమూ పోతే? పొంగిపోయి రాసిన తండ్రే మనసు మార్చుకున్నాడు. కత్తి దూసి వచ్చాడని, తల్లి ఆ పిల్లను గోడకేసి తోసిందని మెస్మర్ రాసుకున్నాడు. జూన్‌లో ఆమెను ఇంటికి తీసుకుపోయారు. వచ్చిన కాస్త చూపూ పోయింది. మళ్లీ రాలేదు. కొద్ది నెలలకు మెస్మర్ కూడా వియన్నా వదిలి పారిస్ చేరాడు.

ఎవరి మాట ఎంత నిజమో ఈనాడు తేల్చడం కష్టం. ఈ ఉదంతం మీద నవలలొచ్చాయి. 2017లో సినిమా కూడా వచ్చింది. కానీ ఒక్క సంగతి గమనించండి. ఇప్పటిదాకా మనం విన్నది తండ్రి రాసింది, వైద్యుడు రాసింది. కళ్లు ఎవరివో, వేళ్లు ఎవరివో ఆ మనిషి రాసింది కాదు.

రెండేళ్ల తర్వాత ఆ అవకాశం వచ్చింది.

కళ్లు మూసుకుని మీ పేరు రాయండి

ఒక చిన్న పని చేసి చూడండి. కళ్లు గట్టిగా మూసుకుని కాగితం మీద మీ పేరు రాయండి. వంకరో టింకరో, రాసేస్తారు. ఇప్పుడు కళ్లు తెరవకుండా దాన్ని చదవండి.

అదీ కష్టం. రాసిన మాట మనదే, కానీ మనకే అందదు. ఎవరో చదివి వినిపించాలి. ఎవరికైనా ఉత్తరం రాయాలన్నా మనసులో మాట ముందు ఇంకొకరి చెవిన వేయాలి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయికి అది ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

1779లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ ఆమె కోసం ఒక చిన్న చేతి అచ్చుయంత్రం తయారుచేసి ఇచ్చాడు. ఈ కెంపెలెన్ సామాన్యుడు కాడు. చదరంగం ఆడే బొమ్మను చేసి యూరప్ అంతటినీ నోరెళ్లబెట్టించినవాడు. నిజానికి ఆ బొమ్మలో మనిషి దాక్కుని ఆడేవాడు. అది గారడీ. ఈ అచ్చుయంత్రం మాత్రం గారడీ కాదు. దాంతో ఆమె తన ఉత్తరాలు తానే అక్షరం అక్షరం అచ్చు వేసుకునేది. మధ్యలో ఎవరూ లేరు.

చదవడానికి ఇంకో ఉపాయం. పెద్ద దిండు మీద గుండుసూదులు అక్షరాల ఆకారంలో గుచ్చితే వేలితో తడిమి చదివేది. అదే కాలంలో జర్మనీలోని మాన్‌హైమ్‌లో వైసెన్‌బుర్గ్ అనే అంధ యువకుడు కూడా ఇలాంటి ఉపాయాలతో చదువు, లెక్కలు నేర్చుకున్నాడు. చేతికి తగిలే పటాలతో భూగోళం కూడా చదివాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయి. తెలిసిన కిటుకులు ఒకరికొకరు చెప్పుకున్నారు. అంధుల బడి అన్నదే లేని రోజుల్లో ఇద్దరు అంధులు ఉత్తరాల మీద నడుపుకున్న బడి అది!

తలలో అరవై కన్సర్టోలు

కన్సర్టో అంటే ఆర్కెస్ట్రా ఒకవైపు, ఒక్క వాద్యకారుడు ఒకవైపు నిలిచి అరగంట దాకా సాగించే కచేరీ రచన. ఒక్కొక్క దాంట్లో వేల స్వరాలుంటాయి. మామూలు విద్వాంసుడు ఎదురుగా స్వరలిపి పెట్టుకుని సాధన చేస్తాడు. పారడీస్ ఎవరో వాయించగా విని, ముక్క ముక్కగా పట్టుకుని, తలలో దాచుకోవాలి. అలా అరవైకి పైగా కన్సర్టోలు ఆమెకు కంఠతా వచ్చని ప్రతీతి. మన వేదపాఠశాలల్లో పిల్లలు నేర్చే తీరు తెలిసినవాళ్లకు ఇది నమ్మశక్యంగానే ఉంటుంది.

1783లో తల్లిని వెంటబెట్టుకుని కచేరీల యాత్రకు బయలుదేరింది. గుర్రపు బళ్ల రోజులు. మూడేళ్ల ప్రయాణం. సాల్జ్‌బర్గ్‌లో మోజార్ట్ కుటుంబాన్ని కలిసింది. జర్మనీ, స్విట్జర్లాండ్ ఊళ్లు తిరిగి 1784 వసంతంలో పారిస్ చేరింది. ఏప్రిల్ 1న అక్కడ పేరున్న 'కాన్సర్ స్పిరిట్యుయెల్' వేదిక మీద తొలి కచేరీ. జనం మళ్లీ మళ్లీ రప్పించుకున్నారు. ఆ ఒక్క వేదిక మీదే మొత్తం 14 సార్లు వాయించింది. తర్వాత లండన్ వెళ్లి మూడో జార్జి రాజు కుటుంబం ఎదుట వాయించింది. యువరాజు చెల్లో వాయిస్తే ఆమె పక్కవాద్యం వాయించింది.

మోజార్ట్ ఆమె కోసం ఒక కన్సర్టో రాశాడు. 1785లో మోజార్ట్ తండ్రి తన కూతురికి రాసిన ఉత్తరంలో ఆ సంగతి ఉంది. అది 18వ నంబరు పియానో కన్సర్టో అయి ఉంటుందని పండితుల లెక్క. మోజార్ట్ అంతటివాడు జాలిపడి రాసిచ్చే మనిషి కాదు. కష్టమైన రచన. వాయించగలదని తెలిసే రాశాడు.

ఆ ఏడాది పారిస్‌లో ఇంకో విశేషం జరిగింది. అక్కడ మెస్మర్ వైద్యం అప్పటికి పెద్ద వెర్రిగా పాకింది. రాజు విచారణ సంఘం వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు, రసాయన శాస్త్రవేత్త లవోయిజియే ఉన్నాడు. ఆయన చెప్పే అయస్కాంత ప్రవాహం అంటూ ఏదీ లేదని 1784లోనే తేల్చేశారు. తాను చూపు తెప్పించానన్న అమ్మాయి అదే ఊళ్లో, చూపు లేకుండానే, నిండు సభలో చప్పట్లు అందుకుంటుంటే ఆ వైద్యుడికి ఎలా ఉండి ఉంటుందో!

సంతలో చూసిన అవమానం

ఆమె కచేరీలు విన్న పారిస్ వాళ్లలో వాలెంటిన్ హావీ అనే భాషావేత్త ఉన్నాడు. ఆయన గుండెలో అప్పటికి పదమూడేళ్లుగా ఒక ముల్లుంది. 1771లో పారిస్‌లో ఒక సంత జరిగింది. అక్కడ కొందరు అంధులకు కోమాలి టోపీలు తగిలించి, అట్టముక్కల కళ్లద్దాలు పెట్టి, ముందు స్వరలిపి కాగితాలు ఉంచి, రాని వాద్యాలు చేతికిచ్చి కూర్చోబెట్టారు. వాళ్లు అపస్వరాలు పలికిస్తుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హావీకి నవ్వు రాలేదు. వీళ్లకు చదువు చెప్పించాలన్న పట్టుదల వచ్చింది.

అంధుల చేతికి వాద్యం ఇచ్చి నవ్విన ఊళ్లోనే ఇప్పుడు ఒక అంధురాలు వాద్యం ముందు కూర్చుంటే ఊరు ఊపిరి బిగబట్టి విన్నది. హావీ వెళ్లి ఆమెను కలిశాడు. ఎలా చదువుతున్నావు, ఎలా రాస్తున్నావు అని అడిగాడు. ఆమె తన ఉపాయాలన్నీ చెప్పింది. సూదుల దిండు, అచ్చుయంత్రం, మాన్‌హైమ్ మిత్రుడి పటాలు... అన్నీ.

అదే ఏడాది హావీ చర్చి గుమ్మం దగ్గర బిచ్చమెత్తుకునే ఫ్రాంస్వా లెస్యూర్ అనే అంధ కుర్రాడిని చేరదీశాడు. చదువుకుంటూ కూర్చుంటే ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి, బిచ్చంలో వచ్చే డబ్బు తానే ఇస్తానన్నాడు. ఒకరోజు ఆ కుర్రాడు బల్ల మీది అచ్చు కార్డు తడిమి, వెనకవైపు ఉబ్బెత్తుగా తేలిన ఒక అక్షరాన్ని గుర్తుపట్టాడట. ఆ తోవలోనే కాగితం మీద ఉబ్బెత్తు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయవచ్చని హావీకి తట్టిందంటారు. 1785 నాటికి ఒక్క కుర్రాడితో మొదలైన చదువు బడి అయింది. 1786లో హావీ అంధుల చదువు మీద పుస్తకం రాశాడు. దాన్ని అచ్చు వేసింది ఆ బడి పిల్లలే. అందులో పారడీస్ పేరు, వైసెన్‌బుర్గ్ పేరు ఉన్నాయి.

హావీ పట్టుదల హావీదే. అంధుల చదువు గురించి అంతకుముందే ఆలోచించిన రచయితలూ ఉన్నారు. కానీ 'వీళ్లు చదవగలరా?' అని ఎవరైనా సందేహిస్తే చూపించడానికి కళ్ల ముందు ఒక మనిషి ఉండాలి కదా. ఆ మనిషి పారడీస్ అయింది.

కొయ్య మేకులతో స్వరాలు

యాత్రలో ఆమె స్వరపరచిన 12 పాటలు 1786లో లైప్‌జిగ్‌లో అచ్చయ్యాయి. ఇవి నిజంగా ఆమెవే! తర్వాత 'లెనోరె' అనే పెద్ద కథాగేయానికి బాణీ కట్టింది. మనసులో వచ్చిన బాణీని కాగితం మీదికి తేవడానికి ఆమె సహచరుడు యోహాన్ రీడింగర్ ఒక పలక తయారుచేశాడు. రంధ్రాలున్న చెక్కపలక, రకరకాల ఆకారాల మేకులు. ఒక్కో ఆకారానికి ఒక్కో అర్థం. ఆమె మేకులు గుచ్చుకుంటూ పోతే చూసినవాళ్లు కాగితం మీద ఎక్కించేవాళ్లు. తప్పు చేస్తే తడిమి తానే దిద్దుకోవచ్చు.

1790ల్లో ఒపేరాలు రాయడం మొదలుపెట్టింది. ఒపేరా అంటే పాటలతో సాగే నాటకం, మన పద్యనాటకానికి దూరపు బంధువు అనుకోండి. ఆడవాళ్లు ఆ పని చేయడం అప్పట్లో అరుదు. 1797లో ప్రాగ్ నగరంలో ఆడిన 'రినాల్డో, అల్చీనా' చతికిలబడింది. దాంతో ఆమె చిన్నబుచ్చుకుని మూల కూర్చోలేదు. పాఠాలు చెప్పడం పెంచింది. 1808లో వియన్నాలో సొంతంగా సంగీత పాఠశాల పెట్టి ముఖ్యంగా ఆడపిల్లలకు పాట, పియానో, సంగీతశాస్త్రం నేర్పింది. ఆదివారాల్లో శిష్యురాళ్ల చేత కచేరీలు చేయించేది. చివరిదాకా అదే పని. 1824 ఫిబ్రవరి 1న కన్నుమూసింది.

ఆమె రాసినవాటిలో చాలా భాగం ఇవాళ దొరకడం లేదు. ఒపేరాల స్వరలిపి చాలావరకు పోయింది. రాసినవి పోయి, రాయనిది మిగిలింది!

ఒక్క చుక్క

కానీ కథ అక్కడ అయిపోలేదు.

హావీ బడిలోని ఉబ్బెత్తు అక్షరాల పుస్తకాలు బండరాళ్లలా ఉండేవి. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి చదవాలి. పైగా వాటిని చదవడమే తప్ప అంధులు సొంతంగా రాసుకోలేరు. 1819లో ఆ బడిలో పదేళ్ల పిల్లవాడు చేరాడు. పేరు లూయీ బ్రెయిలీ. వేలికొనకు ఒక్కసారే అందేంత చోటులో ఆరు చుక్కలతో కొత్త లిపి కట్టాడు. అది దాదాపు పూర్తయ్యేనాటికి అతనికి పదిహేనేళ్లు. ఆ ఏడాది 1824. వియన్నాలో పారడీస్ కన్నుమూసిన ఏడాదే!

బ్రెయిలీ కూడా సంగీతకారుడే. పారిస్ చర్చిల్లో ఆర్గన్ వాయించేవాడు. 1829లో అచ్చయిన అతని పుస్తకంలో మాటలు రాసే పద్ధతితో పాటు స్వరాలు రాసే పద్ధతి కూడా ఉంది. ఆ తర్వాత అంధ సంగీతకారులు ఎవరి సాయమూ లేకుండా స్వరలిపి చదువుకున్నారు, రాసుకున్నారు. దిండు మీద సూదులు గుచ్చుకునే పని తప్పింది.

ఆ చుక్కలు నడిచి నడిచి మన దాకా వచ్చాయి. 1951లో మన దేశంలోని భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఏర్పడింది. అందులో తెలుగూ ఉంది. ఆరు చుక్కల గడిలో ఎడమవైపు పైన ఒక్క చుక్క ఉంటే అది 'అ'. మన పిల్లలకు పలక మీద అక్షరాభ్యాసం చేయించినట్టే, చూపు లేని తెలుగు బిడ్డ వేలికి ముందుగా తగిలేది ఆ ఒక్క చుక్కే.

బిడ్డలో ఏదైనా లోపం కనిపిస్తే మనం వెళ్లని ఆసుపత్రి ఉండదు, మొక్కని దేవుడుండడు. వైద్యం చేయించాల్సిందే, కాదనం. కానీ పారడీస్ ఇంట్లో లేనిదాని కోసం పదేళ్లు పోరాడి, చేతిలో ఉన్నదాన్ని పోగొట్టుకోబోయారు. ఆమె బతుకు మారింది మూడు వేల షాకులతో కాదు. ఒకరు చేసిచ్చిన అచ్చుయంత్రంతో, ఇంకొకరు చేసిచ్చిన చెక్కపలకతో. వాళ్లిద్దరూ 'నీకు చూపు తెప్పిస్తాను' అనలేదు. 'నీకు ఏం చేయాలని ఉంది?' అని అడిగినట్టున్నారు.

ఎప్పుడైనా ఆ 'సిసిలియెన్' చెవిన పడితే హాయిగా వినండి. బాణీ బాగుంటుంది. అయిపోయాక పక్కనున్న పిల్లలతో 'ఇది ఆమెది కాదర్రా' అని చెప్పండి. 'మరి ఆమెది ఏది?' అని అడుగుతారు. అప్పుడు వాళ్ల చెయ్యి పట్టుకుని, అరచేతిలో వేలితో ఒక్క చుక్క పెట్టి చూపించండి.